తమ్ముని మాత్ర

పొద్దున ఆరుకల్లా పెద్దాసుపత్రి వెనకాల
హంద్రీలోకి దిగే వంక దగ్గర ఉంటాను.
తాడు కట్టిన చెంబు, నాలుగు గోధుమరంగు సీసాలు,
చెవి మీద పెన్సిలు.
పందులు నన్ను గుర్తుపట్టి పక్కకు జరుగుతాయి.
సీసా మీద తేదీ రాసి, వెలుతురు తగలకుండా గుడ్డ చుడతాను.
నేను చూస్తే లోపలున్నది మురికి.
మా నూరున్నీసా మేడమ్ చూస్తే
పేర్లు.

జ్వరం మాత్ర, కీళ్లనొప్పుల మాత్ర,
కోర్సు సగంలో మానేసినవాళ్ల యాంటీబయాటిక్కు.
యంత్రం కాగితం మీద కొండలు గీస్తుంది,
ఎవరి కొండ వాళ్లది.
"ఇది చూడు ఓబులేసూ, ఎంత కొట్టినా చావదు" అని
ఒక నిటారు కొండ మీద గోరు పెట్టింది.
పేరడిగాను. చెప్పింది.
ఆ పేరు నేను రోజూ రెండుసార్లు చదువుతాను
వెండి రేకు వెనక.

ఫిట్స్ మాత్ర.
మా సుంకన్న పంతొమ్మిదేండ్లుగా వేసుకునేది,
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
దాని పుణ్యాన వాడు పొయ్యి దగ్గర కూర్చోగలడు,
సైకిలెక్కగలడు.
పిడికిట్లో ఇనుప తాళాలు కుక్కి ఏడ్చే పని
అమ్మకు తప్పింది.
అట్లాంటిదాన్ని చంపడానికి
నాకు జీతమిస్తున్నారు.

ఒంటికి పట్టింది పట్టగా మిగిలింది
యాడికి పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు.
పోతుంది, అంతే.
వంక కింద మడికట్లలో పాలకూర కోసే మాదమ్మ
ఇరవై రూపాయలకు మూడు కట్టలిస్తుంది.
మా ఇంట్లో పప్పులోకి అదే.

గది చివర గాజుగొట్టం.
రెండు తీగల నడుమ ఊదారంగు నాలుకలు
చిటపటమంటాయి.
అప్పుడొక వాసన వస్తుంది,
మే నెలాఖరులో నల్లరేగడి మీద
చినుకు కంటే ముందు పిడుగు పడినప్పటి వాసన.
మెరుపును చిన్న చిన్న ముక్కలు తుంచి
నీళ్లకు తినిపిస్తున్నారనుకున్నాను.
నీళ్లలో తెల్లపొడి. గోడల రంగుల్లో కలిపేదేనంట.
వెలుతురు తగిలితే దానికి ఒళ్లు తెలీని కోపం,
పక్కన ఏదుంటే దాన్ని కొరుకుతుంది.
కరెంటు పోయిన రోజు మేడమ్
తట్టలో నీళ్లు పోయించి మిద్దె మీద పెట్టించింది.
కర్నూలు ఎండ!
మా నెత్తులు మాడ్చడం తప్ప ఏ పనీ రాదనుకున్న ఎండ
ఆ పూట కూలికొచ్చింది.

అరగంటకు కొండ సగమైంది.
గంటకు పుట్ట.
చప్పట్లు కొట్టబోతే వేలు చూపించింది మేడమ్:
పక్కన రెండు గుట్టలు, నిన్న లేనివి.
"చావలేదు. వేషం మార్చింది."
మళ్లీ మొదటికి. పొడి తగ్గించి, వోల్టేజి పెంచి,
నీళ్లను నిదానంగా పంపి,
ఇట్ల నలభై ఒక్క సీసాలు.

నలభై రెండోదానికి ఆమె కాగితం చూడలేదు.
కొర్రలు తెమ్మంది.
మూడు గాజుపళ్లేలు, తడి కాగితం, పళ్లేనికి ఇరవై గింజలు.
వంక నీళ్లలో ఆరు మొలిచినాయి, అవీ మెడలు వంచుకుని.
కొళాయి నీళ్లలో పంతొమ్మిది.
మా నీళ్లలో పదిహేడు.
"ఇంకా రెండు" అని రాసుకుంది.
నేను పదిహేడింటినీ వేలితో తాకి లెక్కపెట్టి
తిట్లు తిన్నాను.

రోజుకు మేం కడిగేది ఐదు లీటర్లు.
వంక రాత్రి కూడా పారుతుంది.

ఇంటికి పోయేసరికి సుంకన్న గడపలో కూర్చుని
టార్చిలైటు విప్పి పెట్టుకున్నాడు.
సంగతంతా చెప్పాను.
స్ప్రింగు వేలికి చుట్టుకుంటూ విని
"అయితే అన్నా, మీరు సీసాల్లో పట్టేది నన్నేనా?" అన్నాడు.
"నువ్వొక్కనివే కాదబ్బీ. ఊరంతా."
నవ్వాడు, ఊరంతటినీ కలిపేసరికి.

అన్నం తిన్నాక మాత్ర చేతిలో పెట్టి చెంబు అందించాను.
గొంతులో అది దిగేదాకా చూశాను.
పొద్దున ఆరుకల్లా
వంక దగ్గర ఉండాలి.