మైనం పెట్టే చోటు

నలభై వేల వరసలు, ఒకటే ఫైలు.
ధాన్యం తూకం, తేమ శాతం, లారీ నంబరు,
గోనెసంచుల బాకీ, కలాసీల కూలి
అన్నీ ఒకే దుప్పటి కింద పడుకున్న పిల్లలు.
ఒకడు కదిలితే అందరికీ మెలకువ.

మొన్న తేమ లెక్కలో ఒక దశాంశం సరిచేశాను.
శనివారానికి
మిల్లులో ప్రతి కలాసీకీ ఏడేసి రూపాయలు తగ్గాయి.
మజ్జి పోలినాయుడు చీటీ మడిచి నా బల్ల మీద పెట్టి
ఏమీ అనకుండా నిలబడ్డాడు.
తిట్టినా బాగుండును.

"పదకొండు ముక్కలు చేసేద్దాం" అంటాడు ఢిల్లేశు,
బోర్డు మీద పదకొండు పెట్టెలు గీసి, మధ్య బాణాలు వేసి.
పెట్టెలు బాగానే ఉన్నాయి.
నా చూపంతా బాణాల మీదే.
పోయిన తుపానుకి విజయనగరంలో మూడు రోజులు లైను లేదు.
ఒక పెట్టె అడుగుతుంది, రెండోది పలకదు,
గేటు బయట లారీలో ధాన్యం మొలకెత్తుతుంది.
ఆ మూడు రోజులూ
ఈ ముసలి ఫైలే, ఒక్క లాప్‌టాప్ మీద,
జనరేటరు పొగలో దగ్గుతూ తూకం వేసింది.

ఆదివారం రాయగడ పాసింజరెక్కి బొబ్బిలిలో దిగాను.
చెల్లి వీణకి మెట్లు సర్దించాలి, గొల్లపల్లిలో.
తవిటయ్య ఒళ్లో పనస దుంగ.
కుండా, దండీ, మెడా ఒక్క మానులోంచే
ఉలితో తవ్వి తీస్తున్నాడు.
"ముక్కలు చేసి అతికితే సులువు కదా?" అన్నాను.

"అతికితే బేగి అవుతాది. బస్సులో పట్టుకెల్లొచ్చు.
పగిలితే పగిలిన ముక్కే మారుత్తారు.
ఏకాండీది బీటేసిందంటే ఆర్నెల్ల కట్టం పొయ్యిలోకే.
అయినాగానీ, తీగ కాడ పుట్టిన మోత
మెడదాకా ఎల్లాలి గదమ్మా. దారిలో గోడెందుకూ?"

"మరి ఈ మెట్లు?"
నవ్వాడు. నల్లమైనాన్ని దీపం సెగకి చూపించి
ఒక మెట్టుని వెంట్రుకంత జరిపాడు.
"ఇయి సెక్కకూడదు. ఎండకి మైనం జారుతాది,
ఏటేటా సెవి మారుతాది.
జరిగేదాన్ని సెక్కేస్తే సచ్చిపోతాది.
జరగందాన్ని అతికితే..."
మాట అక్కడే వదిలేసి
ఉలి మీది పొట్టు ఊదాడు.

తిరుగు రైల్లో, దొంకినవలస దాటాక,
టిక్కెట్టు వెనక రాసుకున్నాను:
తేమ నిబంధన పంటకోసారి మారుతుంది.
కూలి రేటు, పోలినాయుడి సంఘం గట్టిగా అడిగినప్పుడల్లా.
గేటు నుంచి చీటీదాకా బస్తా నడిచే దారి మాత్రం
నేను చేరిన తొమ్మిదేళ్లలో ఒక్కసారీ మారలేదు.

సోమవారం ఢిల్లేశు మార్కరు పట్టుకుని సిద్ధం.
"ఎన్ని ముక్కలు మరి?"
అరచేత్తో తొమ్మిది పెట్టెలు చెరిపాను.
మిగిలిన రెండింటి అంచు మీద వేలు పెడితే
సిరా ఇంకా ఆరలేదు, కొంచెం జరిగింది.
వాడికి నచ్చలేదు. సాయంత్రందాకా వాదిస్తాడు.

పోలినాయుడి చీటీ ఇంకా నా బల్ల మీదే ఉంది.