అర సెకను

ఫెర్లైటెన్ టోల్ గేటు ఆరింటికి తెరుస్తారు.
ఐదూ నలభైకే మేం అక్కడున్నాం,
నేనూ, ముసలి కోర్బీనియనూ,
నలుపూ తెలుపూ స్టిక్కర్ల ముసుగులో ఒక కూపే.
దానికింకా బారసాల కాలేదు.
ఫైల్లో ఒక అంకె, మూడక్షరాలు, అంతే.
లాగ్‌షీటులో కోర్బీనియన్ పేరు లేదు.
బయటివాళ్ళని ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోతుంది.

నోట్‌బుక్కులో మొదటి మాటలు:
సీటు నడుముని గట్టిగానే పట్టుకుంది, మర్యాద తప్పకుండా.
లోపల కొత్త చెప్పుల దుకాణం వాసన.
తలుపు మూస్తే
లావుపాటి పుస్తకం మూసినట్టు చప్పుడు.
ఈ ఒక్క చప్పుడు కోసం
ఎవరో పదకొండు నెలలు కూచున్నారట.
పదికి తొమ్మిది.

మొదటి మలుపు తిరిగాక కాలు నొక్కాను.

ఏమీ లేదు.

అర సెకను.
చేబదులు అడిగితే
లేదనలేక, బీరువా తాళం కోసం
జేబులు తడుముకునే మనిషి మౌనం.
ఆ తరవాత
వీపున రెండరచేతులు పెట్టి ఎవరో తోసినట్టు,
కొండకి కొండే మా మీదికొచ్చింది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే కూలి నాకు.
అయినా నవ్వొచ్చింది,
గట్టిగా, ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వే నవ్వు.

టర్బో అంటే ఏంటని
మా చెల్లెలి కూతురు అఫ్రా అడిగిందొకసారి.
చెప్పాను: ఇంజిను వదిలేసిన వేడి ఊపిరుంటుందే,
ఎవరికీ అక్కర్లేని ఆ ఎంగిలి గాలి
వెళ్తూ వెళ్తూ చిన్న తిరగలి తిప్పిపోతుంది.
ఆ తిరగలి బయటి గాలిని దోసిళ్ళతో తెచ్చి
ఇంజిను నోట్లో కుక్కుతుంది.
"మరి మొదటి ఊపిరో? దాన్నెవరు తిప్పుతారు?"
ఆరేళ్ళ పిల్ల.
ఆ అర సెకను అక్కడే ఉంది.

మంత్రగత్తెల వంటిల్లని పేరున్న రాళ్ళగుట్ట దగ్గర
స్పోర్ట్ బటన్ నొక్కాను.
కారు గర్జించింది.
ఉన్నవి నాలుగు సిలిండర్లు,
అరిచినవి ఎనిమిది.
కోర్బీనియన్‌కి ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడిది సగం.
నలభై ఏళ్ళు కార్బురేటర్ల పక్కన,
స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి
వాల్వుల గుట్టు విన్నవాడు.
ఇప్పుడు అరచెయ్యి డాష్‌బోర్డు మీద పరిచి
కళ్ళు మూసుకున్నాడు, నాడి చూస్తున్నట్టు.
"అరుస్తోందా ఇది?"
"అవును."
"అరుపు నీ చెవిలో ఉంది. దీని ఒంట్లో లేదు."
స్పీకర్ల గురించి చెప్పక తప్పలేదు.
చెయ్యి తీసేశాడు,
అబద్ధమాడిన పిల్లాడి భుజమ్మీంచి తీసినట్టు.

ఆపేశాను. అద్దాలు దించాను.
మంచు కరిగిన నీళ్ళ చలి,
తారు వాసన, పేడ వాసన.
కాలు తియ్యగానే ఇంజిను లోపల్నించి సన్నని ఈల.
రాళ్ళ మీంచి ఇంకో ఈల:
ఉడుతకి పెదనాన్నలాంటి మార్మట్
రెండు కాళ్ళ మీద నిలబడి
తనవాళ్ళని హెచ్చరిస్తోంది.
కోర్బీనియన్‌కి రెండూ వినపడవు.
"ఏంటి నవ్వుతున్నావ్?"
చెప్పాను.
"ఏది ముందు?" అన్నాడు.
నాకు తెలీలేదు.

తొమ్మిదో మలుపు. మళ్ళీ చెయ్యి పెట్టాడు.
బొటనవేలితో మోకాలి మీద తాళం వేస్తూ
పదోది, పదకొండోది.
"ఎడమకి తిరిగితే ఎక్కువ ఆగుతోంది.
కుడికి తిరిగితే సరిగ్గా వస్తోంది.
గాలెక్కడో కారుతోంది."
స్క్రీను మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి.
నలభై సెన్సర్లు, ఒక్కటీ కిక్కురుమనలేదు.
స్క్రీనుని నమ్మాలనే అనిపించింది.

పైన, రాళ్ళు పరిచిన రోడ్డు చివర
బానెట్ ఎత్తాం.
అతను చూడలేదు, థర్మాస్ మూత తిప్పుతూ నిలబడ్డాడు.
ఇంటర్‌కూలర్ గొట్టం కింద వేలు పెట్టి,
ఇంజిను రేపాను.
వేలికి తగిలింది,
నిద్రలో పిల్లలు వదిలే ఊపిరంత.

సాయంత్రం ఫారం నింపాను.
పట్టు: తొమ్మిది. బ్రేకులు: తొమ్మిది.
శబ్దం: గడి ఖాళీగా వదిలేశాను.
లోపం: ఎడమ గొట్టం క్లిప్పు, వదులు.
దేని ద్వారా కనుగొన్నారు?
చెయ్యి, అని రాశాను.
ఎవరిదని ఫారం అడగలేదు.