పదును

మా షెడ్డు గోడకు ఇంకా ఆనించే ఉన్నాయి
నాగలి డిస్కులు అయిదు,
ఎవరూ తిరిగొచ్చి అడగనివి.

పరానాలో, ఇరాతి నుంచి దిగే మట్టిరోడ్డు మలుపులో
ముప్పయ్యేళ్లు ఇనుముకు పదును పెట్టి బతికాను.
సెప్టెంబరు వచ్చిందంటే ట్రాక్టర్లు బారులు తీరేవి.
నిప్పురవ్వలకు నా చొక్కా జల్లెడయ్యేది.
"అన్సెల్మో, ముందు నాది" అని అందరూ అరిచేవాళ్లే.

దున్నిన కొండ ఎంత బాగుండేదో!
చాలు పక్కన చాలు, తడితల దువ్వినట్టు.
అది నా పనితనమని మురిసేవాణ్ణి.
అక్టోబరు వాన ఒక్క మధ్యాహ్నంలో
ఆ పనితనాన్ని ఏట్లో కలిపేది.
మర్నాడు మునిసిపాలిటీ వాళ్లు పారలతో వచ్చి
రోడ్డు మీద పడ్డ పొలాన్ని ఎత్తిపోసేవారు.
మా దుప్పట్లు తెల్లవని మా అమ్మ చెబితే నమ్మడమే.
నేల గట్టిపడ్డ కొద్దీ ఇంకా లోతుగా దున్నేవారు,
ఇంకా తొందరగా అరిగేవి డిస్కులు.
నాకు గిరాకీ.

ఎనభై మూడులో వచ్చింది మెలానియా కోస్తెస్కి.
తమ్ముడు పౌలినో ట్రాక్టరు దిగలేదు, సిగ్గుతో.
"ఈ నాగలిని కోసెయ్" అంది.
"గడ్డిని చీల్చే చక్రం ఒకటి చేసి పెట్టు.
గింజ పట్టేంత గీత చాలు,
మిగతా నేలను నేను ముట్టుకోను."
"పొయ్యి రాజెయ్యకుండా అన్నం వండుతావన్నమాట" అన్నాను.
నవ్వలేదు. డబ్బు బల్ల మీద పెట్టింది.
కోశాను.

సోమరి చేను అని పేరు పెట్టాం దానికి.
పండిన నల్ల ఓట్స్‌ను పడుకోబెట్టి
ఆ చాప కిందే సోయా వేసింది.
మాకు హెక్టారుకు నలభై బస్తాలు, ఆమెకు ముప్పై ఒకటి.
రెండో ఏడు నత్తలు.
అర్ధరాత్రి టార్చిలైట్లతో అక్కా తమ్ముడూ వంగి ఏరుతుంటే
రోడ్డు మీద ఆగి మేం హారన్లు కొట్టాం.
(ఆ సంగతి ఇవాళ చెప్పుకోవడం బాగాలేదు.)
కలుపు మందు వాసన గాలివాటుకి మా వంటింట్లోకొచ్చేది,
అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.
ఆమెకూ అంతే:
"నాగలి మానగలిగాను, ఇది ఇంకా మానలేకపోయాను."

మూడో ఏడు పౌలినో వాటా తీసుకుని
వాటా అంతా దున్నేశాడు.

తర్వాత ఏడో ఏటి కరువు.
మూడు వారాలు చినుకు లేదు, జనవరి, కాయ నిండే వేళ.
మా ఆకులు మధ్యాహ్నానికే దోసిళ్లు ముడిచేవి.
కంచె దాటి మెలానియా చేలోకి వెళ్లాను,
ఏ పని మీద వెళ్లానో అడగొద్దు.
నా చేతికి పార ఇచ్చింది.
కుళ్లిన గడ్డి పక్కకి తీస్తే
బెల్లం గానుగ దగ్గర నిలబడ్డట్టు వాసన.
మట్టి గడ్డ కాదు, పిండీ కాదు, పలుకులు పలుకులు.
వానపాము తొలిచిన సన్నటి సొరంగంలోంచి
సోయా వేరొకటి దర్జాగా కిందికి దిగిపోతోంది.
చీమల పుట్టలో పాము దూరడం విన్నాను గానీ
పాము తవ్విన ఇంట్లో వేరు కాపురం పెట్టడం
అదే చూడటం.

"చెయ్యి పెట్టు" అంది.
పెట్టాను.
చల్లగా, మెత్తగా, వేళ్ల సందుల్లోకి ఎక్కింది పదును,
నేను పెట్టినది కాదు,
ఎవరూ పెట్టనిది,
ఎవరూ తియ్యకపోతే ఉండిపోయేది.

ఆ ఏడు ఆమెకు ముప్పై ఎనిమిది. పౌలినోకి పంతొమ్మిది.
మరుసటి సెప్టెంబరులో అతను డిస్కులు ఆరు దింపి
"పదును పెట్టి ఉంచు, వస్తా" అన్నాడు.
రాలేదు.
ఆ తర్వాత వచ్చేవాళ్లు తగ్గారు. కొలిమి చల్లారింది.
బాధ లేదని అబద్ధం చెప్పను.

ఆరో డిస్కుకి మూడు కాళ్లు అతికించాను.
ఆదివారాలు దాని మీద మాంసం వేయిస్తాం.
మొన్న పౌలినో వచ్చాడు, జుట్టంతా నెరిసింది,
ఏటి నీళ్లలో రాళ్లు కనబడుతున్నాయని చెబుతూ
గరిటెతో అడుగు గీకి, ఆగి, అంచు తడిమి,
"ఇది నాదేనా?" అన్నాడు.
"ముందు కలియబెట్టు" అన్నాను. "మాడుతోంది."