తరుగు

ఆదోని పత్తి యార్డులో పొద్దున తొమ్మిదికి
పేజీ గుడ్డల్లేకుండా నిలబడింది.
నిన్నటిదాకా ఆకుపచ్చ అంచు, తెల్లని గళ్లు,
మూలన విచ్చిన పత్తికాయ.
ఇప్పుడు వట్టి నల్ల అక్షరాలు,
కుట్టు తెగిన బోరెంలోంచి జారినట్టు
ఎడమపక్కకు ఒకదాని కింద ఒకటి.
బొమ్మలున్న చోట చిరిగిన కాగితం గుర్తులు.

"ఖైరూన్, రాత్రి ఏందో కొత్తది ఎక్కించినావంట గదమ్మా"
ఫోన్లో సెక్రెటరీ సార్.
ఎక్కించినా.
నా ల్యాప్‌టాప్‌లో మాత్రం
దట్టీలు కట్టిన పీరు మాదిరి మెరిసె.

మొదట బ్రౌజర్‌ను అనుమానించినా.
దాని పాత జ్ఞాపకమంతా తుడిచినా. మారలే.

తర్వాత పేర్లు చూసినా.
పత్తికాయ బొమ్మ పేర్లో ఒక అక్షరం పెద్దది.
నా మిషన్‌కు పెద్దా చిన్నా ఒకటే.
సర్వర్ అట్ల కాదు, రేషన్ డీలరు లెక్క,
కార్డులో ఎట్లుంటే అట్లే పలకాల.
దిద్దితే పత్తికాయ వచ్చింది, ఒక్కటే.

తూకం బొమ్మ, లారీ బొమ్మ ఇంకా నాలుగొందల నాలుగే.
దారి మొదట్లో ఏటవాలు గీత ఒకటి పెట్టినా నేను.
ఆ గీత ఉంటే వెతుకులాట వీధి వాకిలి నుంచి మొదలైతాది.
మా ఇంట్లో వాకిలీ గదీ ఒకటే, కాబట్టి దొరికె.
ఈడ టామ్‌క్యాట్‌లో మూడు కాపురాలు:
ఉల్లిగడ్డలు, శనక్కాయలు, లోపల గదిలో మా పత్తి.
గది పేరు చెప్పకుండా వాకిట్లో నిలబడి పిలిస్తే
ఎవరు పలుకుతారు?

గది పేరు జతచేస్తే లారీ వచ్చింది, తూకమొచ్చింది.
రంగులు రాలే.

మా తాత దస్తగిరి దూది ఏకేటోడు.
నలుసు కంటికి కనపడదు, నారి మోతలో తేడా వస్తాది అనేటోడు.
నేను విన్నా.
స్టైల్ షీటు అడిగితే సర్వర్ రెండొందలంటాంది,
అంటే ఉండాది, పంపినా, తీసుకో అని.
విప్పి చూస్తే లోపల రంగుల్లేవు.
లాగిన్ పేజీ!
పేరు అడుగుతాంది, పాస్‌వర్డ్ అడుగుతాంది.

గేటు దగ్గర ఫిల్టర్ ఒకదాన్ని కూర్చోబెట్టింది నేనే.
బొమ్మల ఫోల్డరును ఆపొద్దని దానికి చెప్పినా.
రంగుల ఫోల్డరుకు రాత్రి పేరు మార్చి
ఆ మాట దానికి చెప్పడం మర్చిపోయినా.
నేనెప్పుడూ లాగినై ఉండేదాన్ని, నాకు గేటు తెలీలే.
యార్డు హాల్లో గోడకున్న తెరకు
ఎవురు పాస్‌వర్డ్ కొడతారు?

ఒక్క మాట చేర్చితే అయిపాయ.
చెయ్యి మీటల మీదుంది.

"పాపా" అన్నాడు వెనకాల నుంచి
కోసిగి ఉరుకుందప్ప, తలగుడ్డ విప్పుకుంటా.
"నా పేరు పక్కన తరుగు పద్దెనిమిది కిలోలని ఉండాది.
పన్నెండు క్వింటాళ్లకు పద్దెనిమిదా?
ఇన్నాళ్లూ ఈ గడి యాడుండె?"

యాడుండె.
ఫిబ్రవరిలో దలాలీ మండీ వాళ్లు వచ్చిపోయినాక
"తీసెయ్యొద్దులే, కనపడకుంటే సాలు" అన్నారు సార్.
స్టైల్ షీటులో నూట నలభయ్యో వరసలో
చిన్న మాట ఒకటి రాసినా. సగం నిమిషం పని.
పేజీలో గడి అట్లే ఉండె,
పైన గుడ్డ కప్పినా, అంతే.
ఈరోజు గుడ్డ పోయింది.

తెర ముందర నలుగురైనారు. ఎనిమిది మందైనారు.
ఒకాయన వేలితో లెక్కేస్తాండు,
చదువురానోళ్లకు ఇంకొకాయన గట్టిగా చదువుతాండు,
తరుగు, తరుగు, తరుగు అని.

ఫిల్టర్‌కు చెప్పాల్సింది చెప్పినా.
నూట నలభయ్యో వరస తుడిచినా.
మళ్లీ కట్టి, మళ్లీ ఎక్కించి,
టామ్‌క్యాట్ లేచేదాకా టీ గ్లాసు పట్టుకోని కూర్చున్నా.
టీ తాగలే.

ఆకుపచ్చ అంచు వచ్చింది. తెల్లని గళ్లు వచ్చినాయి.
ఆఖరి గడిలో, నీటుగా, కుడిపక్కకు సర్దుకోని,
పద్దెనిమిది కిలోలు.

ఫోన్ మోగింది.
"అన్నీ కనపడతాండాయా ఖైరూన్?"
"కనపడతాండాయి సార్, అన్నీ."