ఎస్.పి. రోడ్డులో బేరం

చీటీ పాడితే చేతికొచ్చింది యాభై ఎనిమిది వేలు.
"కన్సోలే కొందాం అక్కా" అన్నాడు చెంగల్రాయుడు.
"టీవీకి తగిలించి మంచం మీద వాలిపోతే
రాజ్యం మనదే."
పొద్దంతా స్కూటీ మీద ఊరందరి బిర్యానీలు మోసేవాడు,
రాత్రికి గుర్రమెక్కి కొండలు దాటాలంటాడు.

నా సంగతి వేరే.
పీణ్యాలో, మూడో అంతస్తులో, ట్యూబులైటు కింద
రోజుకి ఆరువందల చొక్కాలు తిరగేస్తాను.
కుట్టు తప్పిన చోట ఎర్ర స్టిక్కరు.
ఆ ఆటను మొదట చూసింది వాడి స్నేహితుడి గదిలో, పీసీ మీద.
అందరూ డ్రాగన్ నోట్లో మంట చూస్తుంటే
నేను మంత్రగత్తె భుజం మీది శాలువా చూశాను.
గాలికి లేచింది. అంచు మడిచి కుట్టుంది!
కుట్టిందెవరో గానీ
అంగుళానికి పది కుట్లు తగ్గవు.
అదే శాలువా ఇంకొకరింట్లో, పాత కన్సోల్లో,
ఇస్త్రీపెట్టెకు అంటుకున్న నైలాన్‌లా ఉంది.

సోమవారం సెలవు పెట్టాను. హాజరు బోనస్ పోయింది.
ఎస్.పి. రోడ్డులో ఆ షాపాయన
కన్నడంలో రమ్మని, హిందీలో ధర చెప్పి,
మా మొహాలు చూసి తెలుగులోకి దిగాడు.
"మీరడిగే బొమ్మ రావాలంటే
గ్రాఫిక్స్ కార్డొక్కటే మీ చీటీ మింగేస్తుందమ్మా."
చెంగల్రాయుడు నా వైపు చూశాడు, గెలిచినట్టు.

కన్సోల్ మూత తీసి చూపించమన్నాను.
తీయకూడదట. తీస్తే వారంటీ పోతుందట.
పీసీ పెట్టెకు మాత్రం పక్క రేకు ఊడదీశాడు.
ఇది ఫ్యాను, ఇది ర్యాము,
ఇది పాతబడితే పీకెయ్, ఇక్కడ కొత్తది గుచ్చు.
నా కుట్టుమిషనే కదా ఇది!
బెల్టు తెగితే బెల్టు, సూది విరిగితే సూది,
మధ్యమధ్య రెండు చుక్కలు నూనె.

"అయితే నువ్వే ఆడుకో" అన్నాడు వాడు, చెప్పుతో గచ్చు గీకుతూ.
"పొద్దంతా వంగే ఉంటావు,
రాత్రి కూడా కుర్చీలోనేనా?"
అది మాత్రం నిజం.
కళ్ళు నా పక్షం, నడుము వాడి పక్షం.

టీ తాగాం. ఒకటే కప్పు, రెండు గ్లాసులు.
మళ్ళీ వెళ్ళి బేరం మొదలుపెట్టాను.
ఎవరో వాడి వదిలేసిన పీసీ, కార్డు చిన్నదే,
పైన ఒక కంట్రోలర్, కన్సోలుకిచ్చే లాంటిదే,
అది చేతికిచ్చేసరికి వాడి మూతి కాస్త సర్దుకుంది.
నాలుగు వందల దగ్గర అరగంట పోట్లాడాను.
డ్రాగన్ని చంపడం ఎంతసేపు, ఆయన దిగడమే కష్టం.

లగ్గెరెలో మా గది. తీగ పొడుగు ఆరడుగులు,
మంచానికి దూరం ఏడు.
రాత్రి పదకొండింటికి మంచం లాగాం.
కింద ఓనరమ్మ చీపురుకట్టతో కప్పు పొడిచింది.
తెర అడిగింది: నువ్వెవరు?
యోధుడివా, మంత్రగత్తెవా, దొంగవా?
వాడు యోధుడు నొక్కబోతుంటే
"ముందు శాలువా రంగు" అన్నాను.
నేరేడుపండు రంగు.

ఆ చిన్న కార్డు మీద అంచు రాలేదు, కుట్టు రాలేదు.
తాను నుంచి కత్తిరించి భుజానికి అతికించినట్టుంది.
ఎర్ర స్టిక్కరు కోసం చెయ్యి దానంతటదే లేచింది.
ఇంకో చీటీ మార్చిలో.

కొండెక్కేలోపే వాడికి నిద్రపట్టింది,
బొటనవేలు ఇంకా బటను మీదే.
తెరలో గుర్రం ఆగింది.
లోయ అంచున గడ్డి మేస్తోంది,
ఎవరి ఆర్డరూ లేదు,
ఎక్కడికీ ఆలస్యం కాలేదు.