నిల్వ: పదకొండు

ఆదోనిలో మా ఆసుపత్రి వెనక గదిలో
గోడకు బోల్టులు బిగించిన ఇనుప బీరువా.
రెండు తాళాలు.
ఒక చెవి నా మెడలో, తాళి పక్కన.
రెండోది ఫార్మసిస్టు ఖాజామొద్దీన్ మొలతాడుకు.

దానికోసం కర్నూలుకు ఏడు బస్సులు,
నకళ్లకు నకళ్లు, శిక్షణ పత్రం, అద్దె కాగితం,
కోడుమూరులో దిగి తాగిన చల్లారిన టీలు.
ఇన్‌స్పెక్టరు వచ్చి
బీరువాను భుజంతో నెట్టి చూశాడు.
కదల్లేదు. సంతకం పెట్టాడు.

మొదటి పేరు మద్దిలేటి.
జిన్నింగు మిల్లులో బేళ్లు మోసినవాడు.
నాలుక కింద పుండు.
"నొప్పెంత, పదికి?" అని అడిగితే
"క్వింటాళ్లలో చెప్పేదా మేడం" అన్నాడు.

తేదీ, వచ్చినవి, ఇచ్చినవి, నిల్వ, సంతకం.
మొదటి మాత్ర రాత్రి
తెల్లారేదాకా గురక పెట్టాడట.
దానికి గడి లేదు.
మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకుని
తనిఖీకి ముందు చెరిపేశాను.

పంతొమ్మిదో రోజు ఈరమ్మ ఒక్కతే వచ్చింది.
కొంగు ముడి విప్పి బల్లమీద పోసింది.
"పదకొండుండాయి. ఎంచుకో మేడం.
నీ లెక్క తప్పితే మళ్లా నీకే ఇబ్బంది."

నేనెంచాను. ఖాజా ఎంచాడు.
పదకొండే.

"ఇంకెవురికన్నా ఇచ్చేది కాదా?"

వాపసు మాత్రల్ని
సాక్షి ముందు నాశనం చేయాలని
నిబంధన ఉంది.
చెప్పడానికి నోరే రాలేదు.
ఖాజా నీళ్లు తెచ్చాడు.

కరిగేదాకా ఆమె అట్లే నిలబడింది.
సాక్షి గడిలో
ఆమె బొటనవేలు,
పత్తికాయలు ఒలిచి చీలిన గీతలతో సహా.