పిల్లల వరుస

మా చర్చికి యాభై ఏండ్లు నిండినయని
నల్లగొండ నుంచి ఫోటో అతన్ని పిలిపించిండ్రు.
గేటు ముంగట బెంచీలు వరుసలేసి
పాస్టరయ్యను నడుమ కూసోబెట్టి
పెద్దలను వెనుక, ఆడోళ్లను పక్కల సర్ది
నా దగ్గరికొచ్చి ఆగిండతను.

వెనుక నిలబెడితె నేను కనబడ.
బెంచీ మీద కూసుంటె నా తల నా మోకాళ్లకానుతది.
కెమెరాను ఇటు తిప్పి అటు తిప్పి
గొంతు తగ్గించి, తప్పు చేసినోని లెక్క,
"అన్నా, ముందట పిల్లల్ల నిలబడవా" అన్నడు.

నిలబడ్డ.
నలభై ఆరేండ్లోణ్ణి
సండేస్కూలు పిల్లల నడుమ.

మర్రిగూడ తొవ్వల మా బోరింగు నీళ్లు
చూపుకు తేటగనే ఉండేటియి.
ఎవలికి తెలుసు
గుక్కగుక్కకు ఎముకల్ల సున్నం కొడుతున్నయని.
పన్నెండేండ్లకు పండ్లు పసుపెక్కినయి,
ఇరవైకి మెడ తిరగలే,
ముప్పైకి నా చూపు నా కాళ్లను దాటలే.
సర్వేకొచ్చినోళ్లు గోడకానిచ్చి నా ఎత్తు కొలిచి
కాయితంల రాసుకుని పోయిండ్రు.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి.
నీళ్లు మారినయి గని
వంగిన ఎముక వెనుకకు రాదు.

"ఎవలి కొడుకువురా?"
మా దిక్కు ఎవలు కలిసినా మొదటి మాట ఇదే.
పేరు తర్వాత.
తండ్రి పేరు చెప్తె వాడ తెలుస్తది,
వాడ తెలిస్తె ఎక్కడ నిలబెట్టాల్నో తెలుస్తది,
నీళ్లు చెంబుతోని ఇయ్యాల్నా, దోసిట్ల పొయ్యాల్నా
అదీ తెలుస్తది.

మా నాయిన పేరు రెండు తీర్ల ఉండేది.
రేషను కార్డుల గాలయ్య,
చర్చి రిజిస్టర్ల గమలీయేలు.
ఊరికి మొదటిదే తెలుసు.
రెండోది పిలిచెటోళ్లు ముప్పై మంది, ఆదివారం మాత్రమే.
ఆ ముప్పై మంది కనబడంగనే నాయిన
అంగీ గుండీలు సరిచేసుకునేటోడు.

చిన్నప్పుడు సలోమి టీచరు
బోర్డు మీద ఒక్క మాట రాసింది: అబ్బా.
ఏసుప్రభువు తండ్రిని పిలిచిన మాట ఇది,
ఆయన ఇంటి భాష,
మీరు సుత అట్లనే పిలువుండ్రి అన్నది.
మేము నవ్వినం.
తేలు కుడితె అనే మాట గదా అది టీచరూ,
ముల్లు దిగితె, పంతులు బెత్తం తగిలితె.
ఆమె సుద్దముక్క పట్టుకుని శానాసేపు ఊకున్నది.
జవాబు లేకనో, ఉండో.

ఇప్పుడు తెల్లారి నాలుగింటికి
మంచం పట్టె పట్టుకుని లేస్తుంటె
ముందుగాల మోకాలు, తర్వాత నడుము, ఆఖరుకు మెడ
ఒక్కొక్కటి విరిగినట్టు పలుకుతయి.
నోట్లెకెల్లి తనంతల తనే వొస్తది,
అబ్బా.
నేను ప్రార్థన చెయ్యలే. నొప్పికి మూల్గిన.
కాని ఒకరోజు ఆ చీకట్ల
ఎవలో "ఆఁ" అన్నట్టు ఇల్లంత నిమ్మళమైంది.
టీచరు ఎందుకు ఊకున్నదో తెలిసినట్టే అనిపించి
పొద్దెక్కేసరికి మళ్ల మర్చిపోయిన.

అన్ని రోజులు అట్లుండదు.
కొన్ని రోజులు అది ఉత్త మూలుగే.
కొన్ని రోజులు కోపం.
బోరింగు తవ్వెటప్పుడు ఎటు చూస్తున్నవని అడుగుత.
గట్టిగనే అడుగుత.
అద్దెకున్నోడు ఇంటాయనతోని ఇంత కొట్లాడడు,
సామాను సర్దుకుంటడు.
నేనింక సర్దుకోలే.

ఫోటో రోజు నా పక్కకు కెజీయా, ఆరేండ్లది,
కొత్త బూట్లు తొక్కుతనేమోనని ఇంత జరిగి
నా మొఖంలకు చూసింది.
అంత తిన్నగ చూసెటోళ్లు పిల్లలే.
పెద్దోళ్లు వంగాల్నాయె.
"నువ్వు సుత పిల్లగానివేనా?"
అవునన్న.
"ఎవలి పిల్లగానివి?"
ఫోటో అతను ఒకటి, రెండు అంటున్నడు.
నేను చెప్పబోయిన.
మూడన్నడు.

అందుకే ఫోటోల నా నోరు తెరిచి ఉన్నది,
సగం మాటల.
చూసినోళ్లు
నొప్పి లేసిందనుకుంటరు.